ఇరవై ఇద్దరు పిల్లల సంసారం ఆన్‌లైన్‌లో పెడితే ఎవరిని ప్రశ్నించాలి, ఎక్కడ ఆగాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఇంగ్లండులో ఇరవై ఇద్దరు పిల్లలున్న రాడ్‌ఫోర్డ్ కుటుంబం వీడియోలు మీరు చాలాకాలంగా చూస్తున్నారు. కింద జనం పెట్టే కామెంట్లు చదివితే ఒకపక్క కోపం వస్తోంది, ఇంకోపక్క వాళ్ళు అడిగేదాంట్లో న్యాయం ఉందేమో అనిపిస్తోంది. "నలుగురికీ చూపించుకున్నాక నలుగురూ అడగకూడదంటే ఎలా?" అని మీ తోడికోడలు అన్నారట. అడగొచ్చా, అడిగితే ఎంతవరకు, అసలు చూడడమే మానేయాలా, దీనిమీద చట్టం ఏమంటుంది అన్నవి మీ సందేహాలు.

నేను గతంలో ఒక జిల్లా బాలల సంక్షేమ కమిటీలో పనిచేశాను. ఇప్పుడు స్కూళ్ళలో పిల్లలకూ తల్లిదండ్రులకూ కౌన్సెలింగ్ చేస్తున్నాను. కాబట్టి ఇలాంటి విషయాన్ని పిల్లల వైపు నుంచే చూస్తాను, అది ముందే చెప్పేస్తున్నాను. నా సమాధానం: అడగొచ్చు. కొన్ని విషయాలు అడిగి తీరాలి. కానీ ఆ ప్రశ్న కెమెరా పట్టుకున్న పెద్దవాళ్ళకూ, ఆ వీడియోల మీద డబ్బు చేసుకుంటున్న కంపెనీలకూ తగలాలి. పిల్లలకు తగలకూడదు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎక్కువగా జరుగుతున్నది దీనికి తలకిందులుగా ఉంది. తల్లిదండ్రుల మీద కోపంతో మొదలైన చర్చ నాలుగు కామెంట్లు దాటేసరికి "ఆ మూడోపిల్ల ముఖం చూడండి, ఏదో దాస్తోంది" అన్నదాకా పోతుంది.

ముందు పిల్లల లెక్క సంగతి తేల్చేద్దాం. నోయెల్, సూ రాడ్‌ఫోర్డ్ దంపతులది లాంకషైర్‌లోని మోర్‌కాంబ్. బేకరీ నడుపుతూ వచ్చారు. మొదటి బిడ్డ 1989లో పుడితే ఇరవై రెండో బిడ్డ 2020 ఏప్రిల్‌లో పుట్టింది. ఒకప్పుడు కేర్ హోమ్‌గా ఉన్న పాత ఇంట్లో కాపురం. 2012లో ఛానల్ 4 వాళ్ళమీద కార్యక్రమం చేసేనాటికి పిల్లలు పదిహేను మంది. 2021లో ఛానల్ 5 సిరీస్ వచ్చేసరికి ఇరవై ఇద్దరు. ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ సరేసరి. వాళ్ళ గురించి ఎక్కడ చర్చ మొదలైనా మొట్టమొదట వచ్చే మాట "ఇంతమందిని ఎందుకు కన్నారు?" అన్నదే.

ఆ మాటవల్ల ఏ పిల్లకూ మేలు జరగదు. పుట్టినవాళ్ళు పుట్టారు, పెరుగుతున్నారు, బడికి వెళ్తున్నారు. పద్దెనిమిదో పిల్లో, ఇరవయ్యో పిల్లాడో రేపు ఫోన్ చేతికొచ్చాక ఆ కామెంటు చదివితే వాళ్ళకు అర్థమయ్యేది ఒక్కటే: నేను పుట్టకపోతే బాగుండేదని ఎవరో అన్నారు, దానికి వందలమంది లైకులు కొట్టారు. రాసినవాళ్ళ ఉద్దేశం తల్లిదండ్రులను దెప్పడమే కావచ్చు. దెబ్బ తగిలేది మాత్రం ఎవరిని "అదనం" అన్నారో వాళ్ళకు. పిల్లల సంఖ్య మీద సమాజం అభిప్రాయం కూడా స్థిరంగా ఉండేది కాదు. గంపెడు పిల్లలున్న ఇళ్ళు మన నాయనమ్మల కాలంలో ప్రతి వీధిలో ఉండేవి. తర్వాత అది తప్పయింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసింది, ఇప్పుడు ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రే చెబుతున్నారు. కాబట్టి ఎంతమందిని కన్నారన్నది పక్కన పెట్టండి.

రెండోది "మా పన్నుల డబ్బు తింటున్నారు" అన్న ఆరోపణ. తాము చైల్డ్ బెనిఫిట్ (పిల్లల పేర ప్రభుత్వమిచ్చే భత్యం) తప్ప వేరే సాయం తీసుకోవడం లేదని రాడ్‌ఫోర్డ్‌లు చాలాసార్లు చెప్పారు. అక్కడ చైల్డ్ బెనిఫిట్ ఎంతమంది పిల్లలున్నా వస్తుంది. 2017లో తెచ్చిన ఇద్దరు పిల్లల పరిమితి వర్తించింది వేరే పథకాలకు, అంటే తక్కువ ఆదాయమున్నవాళ్ళకిచ్చే యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ టాక్స్ క్రెడిట్‌లకు. రెండింటినీ కలిపేసి కోపం తెచ్చుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. విమాన టికెట్లకు డబ్బెక్కడిది, అన్ని కార్లెందుకు అన్నవి కూడా ఇలాంటివే. కష్టపడి సంపాదించుకున్నది ఎలా ఖర్చు పెట్టుకుంటారన్నది వాళ్ళిష్టం.

ఇక్కడ ఒక్క మినహాయింపు ఉంది, అసలు సంగతి అక్కడే ఉంది. ఆ సంపాదనలో కొంత పిల్లలు కెమెరా ముందు కనబడడంవల్ల వచ్చిందైతే, అందులో పిల్లల వాటా ఎక్కడుంది? ఇది న్యాయమైన ప్రశ్న. రాడ్‌ఫోర్డ్‌లనే కాదు, ఇద్దరు పిల్లలతో యూట్యూబ్ నడిపే మన ఊరి దంపతులనైనా అడగాల్సిన ప్రశ్న. నేనిది ఊరికే అనడం లేదు. అమెరికాలో ఆర్కన్సాకు చెందిన డగ్గర్ కుటుంబం కథ చూడండి. 2008లో టీఎల్‌సీ ఛానల్‌లో వాళ్ళ సిరీస్ మొదలైనప్పుడు పిల్లలు పదిహేడుగురు. పిల్లలు పుట్టేకొద్దీ కార్యక్రమం పేరులోని అంకె పద్దెనిమిది, పందొమ్మిది అని మారుతూ వచ్చింది. ఆ ఇంట్లో పుట్టిన జిల్ పెద్దయ్యాక 2023లో పుస్తకం రాసింది. అన్నేళ్ళు షోలో కనిపించినా తన చేతికి డబ్బు రాలేదని, పెళ్ళికి ముందురోజు తండ్రి ఒక కాగితం ముందుపెడితే అదేమిటో తెలియకుండానే సంతకం చేశానని, అది షో ఒప్పందమని తర్వాత తెలిసిందని అందులో చెప్పింది. నాన్న పెట్టమన్నచోట సంతకం పెట్టే అలవాటు మన ఇళ్ళలో ఆడపిల్లలకు కొత్తేమీ కాదు కాబట్టి మీకు ఆ సన్నివేశం కళ్ళకు కట్టినట్టే ఉంటుంది.

డగ్గర్ల ఇంట్లో ఇంకో పద్ధతి ఉండేది. పెద్దపిల్లలకు ఒక్కొక్కరికీ ఒక చిన్నపిల్ల బాధ్యత అప్పగించేవారు. తల దువ్వడం, బట్టలు వేయడం, తినిపించడం, పాఠాలు చూడడం. టీవీలో చూస్తే ముచ్చటగానే ఉంటుంది. పెద్ద కుటుంబాల మీద నేను నిజంగా ఆలోచించాల్సిన విషయం అనుకునేది ఇదే. ఇంటికి పెద్దపిల్లగా పుట్టినందుకు చంకలో చంటిదాన్ని వేసుకుని బడి మానేసిన అత్తలు, పిన్నమ్మలు మన ప్రతి కుటుంబంలోనూ ఉన్నారు. "మా పెద్దది అమ్మలాగా చూసుకుంటుంది" అని అందరూ మెచ్చుకునేవారు. ఆ పెద్దదానికి చదువుకోవాలని ఉందా అని ఎవరూ అడగలేదు. తమ్ముణ్ణి కాసేపు ఎత్తుకోవడం వేరు, వాడి పెంపకం మొత్తం మోయడం వేరు. ఆ తేడా తెలియాలంటే మనం చూసే పది నిమిషాల వీడియో సరిపోదు. హోంవర్క్ ఎప్పుడు చేసుకుంటుంది, స్నేహితులున్నారా, "ఇవాళ నావల్ల కాదు" అంటే ఇంట్లో చెల్లుతుందా అన్నవి తెలియాలి. అవి మనకు తెలిసే అవకాశమే లేదు. అందుకని ఆ పిల్ల ముఖకవళికలు చదివి తీర్పు చెప్పకండి. తల్లిదండ్రులనైతే అడగొచ్చు: ఇంట్లో పనికి ఎవరినైనా పెట్టుకున్నారా? పెద్దపిల్లలకు సెలవుందా? ఇలా మర్యాదగా అడిగిన ప్రశ్నకు జవాబివ్వడం కెమెరా పెట్టుకున్న పెద్దవాళ్ళ బాధ్యత.

డగ్గర్ల కథలోనే జనం నిఘావల్ల జరిగే అసలు నష్టం కూడా ఉంది. ఆ ఇంటి పెద్దకొడుకు యుక్తవయసులో తన చెల్లెళ్ళతో సహా ఆడపిల్లల పట్ల అసభ్యంగా ప్రవర్తించాడన్న పాత పోలీసు రిపోర్టును 2015 మేలో ఒక పత్రిక బయటపెట్టింది. పేర్లు కొట్టేసినా మిగతా వివరాలతో బాధితులెవరో ఊహించడం తేలికైపోయింది. జులైలో ఛానల్ ఆ షోను ఆపేసింది. తల్లిదండ్రులు అంతకాలం ఏం చేశారు, ఛానల్‌కు ఏం తెలుసు అన్న ప్రశ్నలు అవసరమైనవే. అదే వ్యక్తికి పిల్లల లైంగిక దోపిడీ చిత్రాల కేసులో 2021 డిసెంబరులో నేరం రుజువై, 2022 మేలో పన్నెండున్నరేళ్ళకు పైగా జైలుశిక్ష పడింది. కానీ 2015లో ఆ కొద్ది వారాలు జనం చేసిన పని వేరు. ఏ చెల్లెలు, అప్పుడు ఎన్నేళ్ళు అని లెక్కలు కట్టారు. తమ అనుమతి లేకుండా తమ గాయం లోకమంతా పాకిందని ఆ అక్కచెల్లెళ్ళలో నలుగురు తర్వాత కోర్టుకెక్కారు. మన దేశంలో బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్, పోక్సో చట్టం 23వ సెక్షన్ బాధిత పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని నేరమంటాయి. బడి పేరు, వీధి పేరు, తల్లిదండ్రుల పేర్లు రాసినా గుర్తింపు బయటపెట్టినట్టే. పేపర్లకు మాత్రమే వర్తిస్తుందనుకోకండి, 74వ సెక్షన్‌లో ఇతర ప్రసార సాధనాలన్నీ వస్తాయి. పిల్లల మీద జాలితో రాసిన కామెంటు కూడా ఆ పని చేయగలదు.

ఇంటి గుట్టు అమ్మి బతికే పద్ధతి యూట్యూబ్‌తో పుట్టలేదు. 1934 మేలో కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో డియోన్ అనే రైతు కుటుంబంలో ఒకే కాన్పులో ఐదుగురు ఆడపిల్లలు పుట్టి బతికారు. అప్పటికే ఇంట్లో పిల్లలున్నారు, అవి ఆర్థిక మాంద్యం రోజులు. పిల్లలను కాపాడతామని చెప్పి ప్రభుత్వమే వాళ్ళను తల్లిదండ్రుల నుంచి తీసేసుకుంది. ఇంటి ఎదురుగానే వాళ్ళకోసం ఆసుపత్రీ నర్సరీ కట్టి, వాళ్ళు ఆడుకునే చోటు చుట్టూ జనం నడుస్తూ చూసేలా ఏర్పాటు చేసింది. 1936 నుంచి 1943 వరకు సుమారు 30 లక్షలమంది వచ్చి చూశారని లెక్క. ఓట్స్ కంపెనీలు, సబ్బుల కంపెనీలు వాళ్ళ బొమ్మలు వేసుకుని సరుకు అమ్ముకున్నాయి. 1943లో పిల్లలను తిరిగి ఇంటికి పంపారు, అప్పటికి వాళ్ళకు ఇల్లే కొత్త. ఐదుగురిలో అప్పటికి బతికి ఉన్న ముగ్గురికి ఆంటారియో ప్రభుత్వం 40 లక్షల కెనడా డాలర్ల పరిహారం ఇచ్చింది 1998లో, అంటే వాళ్ళకు అరవై దాటాక. అంతకు ముందు ఏడాది అమెరికాలో ఒకే కాన్పులో ఏడుగురు పుట్టినప్పుడు ఈ ముగ్గురూ ఆ తల్లిదండ్రులకు బహిరంగ లేఖ రాసి, మీ పిల్లలను వినోదం సరుకుగా, వస్తువులు అమ్మే సాధనంగా మారనివ్వకండని వేడుకున్నారు. ఆ కంచె దగ్గర నిలబడి చూసిన 30 లక్షలమందిలో దుర్మార్గులు ఎంతమంది ఉంటారు? ఎక్కువమంది పిల్లలను చూసి మురిసిపోయి వెళ్ళినవాళ్ళే. చూసేవాళ్ళ ప్రేమ నిజమైనదే అయినా పిల్లలకు మాత్రం నష్టం జరిగింది. మీరడిగిన "చూడడం మానేయాలా" అన్నదానికి నేను తేలిగ్గా "ఫరవాలేదు, చూడండి" అనలేకపోతున్నది అందుకే.

ఇక మీ తోడికోడలి వైపు వాదం. ఆవిడ మాటలో బలముంది, ఎందుకంటే జనం అనుమానించింది నిజమైన సందర్భమూ ఉంది. అమెరికాలో యూటా రాష్ట్రానికి చెందిన రూబీ ఫ్రాంకీ ఆరుగురు పిల్లలతో 2015లో ఛానల్ మొదలుపెట్టింది. ఒక దశలో 25 లక్షలమంది దాకా సబ్‌స్క్రైబర్లు ఉండేవారు. ఆ తల్లి క్రమశిక్షణ చూసి మొదట్లో చాలామంది మెచ్చుకున్నారు. 2020లో ఒక వీడియోలో పెద్దకొడుకు, శిక్షగా తన గది తీసేసుకున్నారని, ఏడు నెలలుగా బీన్‌బ్యాగ్ మీద పడుకుంటున్నానని చెప్పాడు. ఇంకో వీడియోలో ఆరేళ్ళ పిల్ల లంచ్ తీసుకెళ్ళడం మరిచిపోతే, బుద్ధి రావాలని బడికి తీసుకెళ్ళి ఇవ్వనని తల్లే చెప్పింది. చూసేవాళ్ళు కలవరపడి పిటిషన్ పెట్టారు, శిశు సంక్షేమ శాఖకు ఫిర్యాదులు చేశారు. అప్పటికి ఏమీ తేలలేదు. తర్వాత ఛానల్ మూతపడింది. కెమెరాలు ఆగిపోయాక ఇంట్లో జరిగింది ఇంకా ఘోరం. 2023 ఆగస్టు 30న పన్నెండేళ్ళ కొడుకు తల్లి స్నేహితురాలి ఇంటి కిటికీలోంచి తప్పించుకుని పక్కింటికి వెళ్ళి తిండి, నీళ్ళు అడిగాడు. ఆ పక్కింటివాళ్ళు పోలీసులకు ఫోన్ చేశారు. తల్లి, ఆమె స్నేహితురాలు ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు, 2024 ఫిబ్రవరిలో జైలుశిక్ష పడింది.

ఈ కేసు నుంచి రెండు విషయాలు తీసుకోవాలి. 2020లో ఫిర్యాదు చేసినవాళ్ళు చేసింది సరైన పని. వాళ్ళు ఊహించలేదు, చూసినదాన్ని చూసినట్టు సంబంధిత శాఖకు చెప్పారు. పిల్లవాడు చెప్పిన మాట, తల్లి చెప్పిన మాట, వీడియో తేదీ. అంతే. రెండోది, మిగతా వేలాది రియాక్షన్ వీడియోలు, మీమ్‌లు, తిట్లు ఆ పిల్లవాణ్ణి కాపాడలేదు. కాపాడింది తలుపు తీసి, వాడి పరిస్థితి చూసి, వెంటనే ఫోన్ చేసిన పక్కింటివాళ్ళు. "సంసారం గుట్టు, రోగం రట్టు" అని మన పెద్దలు ఊరికే అనలేదు. పిల్లల మీద హింస రోగంలాంటిది. దాన్ని దాచకూడదు, కానీ చెప్పాల్సింది దాన్ని నయం చేయగలవాళ్ళకు. నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి అరిస్తే రోగం నయంకాదు, రోగి పరువు మాత్రం పోతుంది.

ఫ్రాంకీ ఇంటి పెద్దకూతురు షారీ 2024 అక్టోబరులో యూటా శాసనసభ్యుల ముందు నిలబడి, కుటుంబ వ్లాగింగ్‌లో, అంటే ఇంటి జీవితాన్ని వీడియోలుగా పెట్టడంలో, నైతికంగా సరైన పద్ధతంటూ ఏదీ లేదని తేల్చి చెప్పింది. నేను అంత దూరం వెళ్ళను. కానీ ఆ మాట అనే హక్కు నాకన్నా, మీకన్నా ఆ అమ్మాయికి ఎక్కువ ఉంది.

ఇప్పుడు మన దగ్గరి సంగతి ఒకటి చెబుతాను, పేర్లూ ఊరూ లేకుండా. ఎనిమిదో తరగతి అమ్మాయిని క్లాస్ టీచర్ నా దగ్గరికి పంపింది. మార్కులు పడిపోయాయి, బడికి రానంటోంది. తల్లికి యూట్యూబ్ ఛానల్ ఉంది, వంటలు, షాపింగులు, పండగలు. కూతురు పెద్దమనిషి అయినప్పుడు మొదటిరోజు నుంచి ఓణీల ఫంక్షన్ దాకా వరసగా వీడియోలు పెట్టారు. ఆకు మీద కూర్చోబెట్టడం, చిమ్మిలి తినిపించడం, మంగళస్నానం, అన్నీ. థంబ్‌నెయిల్ మీద అమ్మాయి ముఖం, పక్కన పెద్ద అక్షరాలతో "మా పాప పెద్దమనిషి అయింది". ఛానల్‌లో అన్నింటికన్నా ఎక్కువ వ్యూస్ వచ్చినవి అవే. క్లాసులో మగపిల్లలు ఆ థంబ్‌నెయిల్ స్క్రీన్‌షాట్‌ను వాట్సాప్‌లో తిప్పారు. ఆ అమ్మాయి నా ఎదురుగా కూర్చుని ఫోన్‌ను బోర్లించి పెట్టుకుంది, కానీ కామెంట్లు చూడకుండానే అప్పజెప్పింది. ఏది ఎవరు రాశారో, దానికి ఎన్ని లైకులో కూడా. వాటిలో బూతులు కొన్నే. ఆమెను ఎక్కువ కుదిపేసింది ఎవరో పెద్దావిడ జాలిగా రాసిన మాట: "పాపం ఈ పిల్లకు సిగ్గూ శరం నేర్పలేదు తల్లి." అంటే తల్లిని తిట్టాలని రాసినది కూతురికి తగిలింది.

తల్లి చెడ్డ మనిషేం కాదు. ఊళ్ళో అందరికీ పిలుపులు, మైకు, ఫ్లెక్సీలు పెట్టి చేసే వేడుకనే ఫోన్‌లో కూడా చేశానని ఆవిడ అనుకుంది. తేడా ఏమిటంటే, ఊళ్ళో ఫ్లెక్సీ వారానికి చిరిగిపోతుంది. నేను ఆవిడకు ఉపన్యాసం ఇవ్వలేదు. కూతురు గుర్తుపెట్టుకున్న కామెంట్లన్నీ ఒక కాగితం మీద రాయించి, ఆ అమ్మాయి ఒప్పుకున్నాకే తల్లి చేతికిచ్చాను. ఆవిడ చదివి చాలాసేపు మాట్లాడలేదు. ఆ వారంలోనే వీడియోలన్నీ తీసేసింది. తీసేసినా స్క్రీన్‌షాట్లు పోవు కాబట్టి మిగతా పని బడిలో జరగాల్సి వచ్చింది, దానికి నెలలు పట్టింది.

ఇలాంటిది ఒక ఇంటి సమస్యే అనుకోకండి. 2024 జులైలో ఒక తెలుగు యూట్యూబర్ స్నేహితులతో లైవ్‌లో కూర్చుని, ఒక తండ్రీ చిన్నకూతురూ ఉన్న మామూలు వీడియో మీద రాయడానికి వీల్లేని మాటలన్నాడు. నటుడు సాయి ధరమ్ తేజ్ దాన్ని బయటపెట్టి రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడిగాక తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో అతన్ని బెంగళూరులో అరెస్టు చేసింది. జనం గట్టిగా నిలబడితే ఫలితం వస్తుందనడానికి అది ఉదాహరణ. గురిపెట్టింది నేరం చేసినవాడి మీద, నేరుగా పోలీసులకు చేరేలా. ఆ ఊపులోనే కొందరు ఆ వీడియోను మళ్ళీ మళ్ళీ షేర్ చేసి, పాప ముఖం ఇంకా ఎక్కువమందికి చూపించారు. అది చేయకుండా ఉండాల్సింది.

చట్టం గురించి కూడా అడిగారు. అమెరికాలో సినిమా పిల్లల సంపాదనను కాపాడే కూగన్ చట్టం 1939 నాటిది, జాకీ కూగన్ అనే బాలనటుడి డబ్బును తల్లి, సవతి తండ్రి ఖర్చు చేసేశాక వచ్చింది. వ్లాగుల పిల్లలకు అలాంటి రక్షణ రావడానికి మరో ఎనభై ఏళ్ళు పట్టింది. ఫ్రాన్స్ 2020 అక్టోబరులో పదహారేళ్ళలోపు పిల్లల కోసం చట్టం చేసింది. తన వీడియో తీసేయమని పిల్లలే నేరుగా అడిగే హక్కు కూడా అందులో ఉంది. అమెరికాలో మొదటిది ఇల్లినాయ్ రాష్ట్రం, 2024 జులై 1 నుంచి అమలు. ఆ చట్టానికి బీజం వేసింది హైస్కూల్లో చదువుతున్న శ్రేయ నల్లమోతు అనే అమ్మాయి. ఇంటిపేరు మన చెవికి బాగా తెలిసినదే. పదిహేనేళ్ళ వయసులో తమ సెనేటర్‌కు ఈ సమస్య గురించి రాసి, చట్టం వచ్చేదాకా వెంటపడింది. కామెంటు రాయడానికి పట్టే కోపాన్ని ఉత్తరం రాయడానికి వాడితే ఏం జరుగుతుందో ఆ అమ్మాయి చూపించింది. తర్వాత కాలిఫోర్నియా, మిన్నెసోటా, యూటా కూడా చట్టాలు తెచ్చాయి. మిన్నెసోటా అయితే పద్నాలుగేళ్ళలోపు పిల్లలతో ఈ పని చేయించడమే కూడదంది.

మన దేశంలో బాలనటులకు నిబంధనలున్నాయి: 2017 నాటి నిబంధనల ప్రకారం రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు, సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరుతో జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. కుటుంబమే ఇంట్లో తీసుకునే వీడియోల దగ్గరికొచ్చేసరికి ఇది సడలిపోతుంది. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2022 ముసాయిదా మార్గదర్శకాల్లో వాటిని కుటుంబ వ్యాపారంలో పిల్లలు సాయం చేయడంగా చూడాలన్నారు. అంటే కిరాణా కొట్టులో సాయంత్రం పూట కూర్చునే పిల్లాడితో సమానం. ఇది నాకు సరిగా అనిపించదు. కొట్టులో కూర్చున్నందుకు ఆ పిల్లాడి స్నానం, జ్వరం, ఏడుపు, తొలి బహిష్టు ఎవరూ చూడరు. మన ఎమ్మెల్యేలను, ఎంపీలను అడగాల్సింది దీని గురించి.

ఇక మీరు చేయగలిగింది. ఏ వీడియోలోనైనా పిల్లలకు తిండి ఆపడం, కొట్టడం, అవమానించడం, స్నానం చేస్తున్నప్పుడో ఆసుపత్రిలో మంచం మీదో తీయడం, బడి మాన్పించడం, "అమ్మా తీయొద్దు" అంటున్నా తీయడం కనిపిస్తే వదిలేయకండి. లింకు, నిమిషం, సెకను, అన్న మాటలు రాసుకుని పంపండి. మన దగ్గర పిల్లల హెల్ప్‌లైన్ 1098. బ్రిటన్‌లో అయితే ఆ ప్రాంతపు కౌన్సిల్‌లో పిల్లల విభాగానికి, లేదా అక్కడి పిల్లల రక్షణ సంస్థ ఎన్‌ఎస్‌పీసీసీ హెల్ప్‌లైన్ 0808 800 5000కు. ఆ క్లిప్పును మీరు షేర్ చేయకండి, స్క్రీన్‌షాట్ గ్రూపుల్లో పెట్టకండి. ఇవేవీ కనిపించకుండా, కేవలం ఇల్లు చిందరవందరగా ఉందనో, పిల్లలకు ఒకేరకం బట్టలేశారనో, కూతురు తొందరగా పెళ్ళి చేసుకుందనో అనిపిస్తే అది వాళ్ళ సంసారం. రాడ్‌ఫోర్డ్‌ల వీడియోల్లో నేను చూసినంతలో ఫిర్యాదు చేయాల్సినదేమీ నాకు కనబడలేదు, అడగాల్సిన ప్రశ్నలు మాత్రం ఉన్నాయి. పెద్దపిల్లల్లో పద్దెనిమిది దాటి సొంత ఖాతాలు నడుపుకుంటున్నవాళ్ళు తమ గురించి తామే చెప్పుకుంటున్నారు, వాళ్ళ సంగతి వేరు. చిన్నవాళ్ళ పేర్లు గూగుల్‌లో వెతకడం, వాళ్ళ బడి ఏదో కనుక్కోవడం, వాళ్ళ ప్రైవేట్ ఖాతాలకు రిక్వెస్ట్ పెట్టడం మాత్రం ఎంత అభిమానమున్నా వద్దు.

చూడడం మానేయాలా అన్నదానికి: నేనైతే చిన్నపిల్లల ముఖాలతో, ఏడుపుతో, జబ్బుతో ఊరించే థంబ్‌నెయిళ్ళను నొక్కను. మంచికి నొక్కినా, తిట్టడానికి నొక్కినా యూట్యూబ్‌కు అవి ఒకటే, అలాంటివే ఇంకా చేయమని ఛానల్‌కు చెప్పినట్టవుతుంది. పెద్దవాళ్ళు తమ పని, వంట, ఖర్చుల లెక్క, ఇల్లు నడిపే తీరు చూపించే వీడియోలైతే చూస్తాను. ఇరవైమందికి రాత్రి భోజనం వండే పద్ధతి చూడాలని నాకూ ఆసక్తే. కామెంటు రాయాలనిపిస్తే తల్లిదండ్రులను ఉద్దేశించి, పిల్లల పేరెత్తకుండా, వాళ్ళ రూపం గురించి, తెలివి గురించి ఒక్క ముక్క లేకుండా రాయండి. "మీ వీడియోల ఆదాయంలో పిల్లల పేర కొంత దాస్తున్నారా? పెద్దయ్యాక వాళ్ళు తీసేయమంటే తీసేస్తారా?" అని అడగండి. పది మంది మర్యాదగా అడిగితే జవాబు చెప్పక తప్పని పరిస్థితి వస్తుంది. మీ తోడికోడలిని కూడా ఇదే అడగమనండి, ఆవిడ ఫాలో అవుతున్న తెలుగు ఛానళ్ళలో కూడా.